పదిహేనేళ్లు నిండుతున్నాయి: సర్వీసులో ఉండాలా, వచ్చేయాలా, వస్తే ఎందులోకి?

సంక్రాంతి సెలవుల్లో సోంపేట, కవిటి వైపు గానీ బొబ్బిలి వైపు గానీ నలుగురు జవాన్లు కూర్చున్న చోట మాట ఎక్కడ మొదలైనా చివరికి ఒక్కచోటికే వస్తుంది. "ఏటి బావా, నీకెన్నేళ్లయింది? పెన్షనుకి వొచ్చినట్టేనా?" పదిహేను నిండితే చాలు, ఇంటికి వచ్చేసి ఏ బ్యాంకులోనో కుదురుకోవచ్చు, ఒకపక్క జీతం, ఒకపక్క పెన్షను. వీధిలో ఒకాయన అలాగే చేశాడు, టెక్కలిలో బ్యాంకు కౌంటర్లో కూర్చుంటున్నాడు. అదే ఏడాది డిశ్చార్జి అయిన మరొకాయన మాత్రం ఇంకా జీడితోట చుట్టూ తిరుగుతున్నాడు. ఇద్దరిదీ ఒకే ర్యాంకు, చదువూ దాదాపు ఒకటే. మొదటాయన ఆఖరి ఏడాది యూనిట్లో ఉండగానే పుస్తకం పట్టి పరీక్షలు రాశాడు. రెండో ఆయన ముందు ఇంటికి చేరదాం, తర్వాత చూసుకుందాం అనుకున్నాడు.

నేను యూనిట్ ఆఫీసులో క్లర్కుగా పనిచేసి హవల్దారుగా బయటికి వచ్చినవాణ్ని. డిశ్చార్జి కాగితాలు చాలా టైపు చేశాను. అందులో నాకు అర్థమైంది ఒకటే: ఏ తేదీకి, ఏ రూలు కింద, చేతిలో ఏముండగా బయటికి వస్తున్నామన్న దాన్నిబట్టే తర్వాతి ముప్పై ఏళ్లు నడుస్తాయి. ఇక్కడ రాసేది ఆర్మీలో సిపాయి నుంచి హవల్దారు దాకా ఉన్నవాళ్ల కోసం. ఆఫీసర్లకు పెన్షను రావాలంటే 20 ఏళ్లుండాలి. ఎయిర్‌ఫోర్సులో మొదటి ఒప్పందమే 20 ఏళ్లు, ఆ తర్వాత ఎక్స్‌టెన్షన్లు. అగ్నివీరులది నాలుగేళ్ల లెక్క, అందులో పెన్షను లేదు. వాళ్ల సంగతి వేరు.

పదమూడు, పద్నాలుగేళ్ల దగ్గర ఉన్నవాళ్లకు ముందే ఒక మాట. నాన్నకు ఒంట్లో బాగోలేదని, అన్నదమ్ముల మధ్య పొలం గొడవని, ఇంటి దగ్గర టెన్షన్ తట్టుకోలేక వచ్చేద్దామని ఈ దశలోనే ఎక్కువమందికి అనిపిస్తుంది. రావద్దు. 15 నిండకుండా సొంత కోరిక మీద వస్తే నెలనెలా పెన్షను లేదు, పెన్షను లేకపోతే ఈసీహెచ్ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) వైద్యమూ లేదు. ఇంటి ఇబ్బందులు చూపి కంపాషనేట్ గ్రౌండ్స్ మీద దగ్గరి పోస్టింగ్ అడగండి, ఉన్న సెలవంతా వాడండి, అప్పు చేసైనా సరే ఆ ఏడాది రెండేళ్లు నెట్టుకురండి.

ఉండిపోతే ఏం పెరుగుతుంది

పెన్షను గురించి చాలామందిలో ఒక అపోహ ఉంది. సర్వీసు ఎక్కువైతే శాతం పెరుగుతుందనుకుంటారు. 2006కు ముందు 33 ఏళ్ల లెక్క ఉండేది, అది పోయింది. 15 ఏళ్లకు వచ్చినా, 24 ఏళ్లకు వచ్చినా చివరి జీతంలో సగమే. బేసిక్‌తో పాటు మిలిటరీ సర్వీస్ పే (ఎంఎస్‌పీ) 5,200 రూపాయలు కూడా అందులో కలుస్తుంది. గ్రూప్ పే, క్లాసిఫికేషన్ అలవెన్సు ఉన్నవాళ్లకు అవి అదనం. కాబట్టి ఉండటం వల్ల శాతం మారదు, సగం చేయాల్సిన జీతం పెద్దదవుతుంది. ఆ జీతం ఏడాదికి మూడు శాతం చొప్పున నిదానంగా పెరుగుతుంది, రెండు మూడు చోట్ల మాత్రం ఒక్కసారిగా పైకి లేస్తుంది. ఆ మెట్టు ముందు దిగిపోకూడదు.

మెట్టు అంటే ప్రమోషను, లేదా ఎంఏసీపీ. ప్రమోషన్లు రాకపోయినా 8, 16, 24 ఏళ్లకు పై లెవెల్ జీతం ఇచ్చే పద్ధతి ఇది. 2010లో చేరి ఇంకా ఒక్క ఎంఏసీపీ మీదే ఉన్న సిపాయిని తీసుకోండి. 2026కి అతని బేసిక్ లెవెల్ 4లో సుమారు 36,400 ఉంటుంది. పదహారు నిండకముందే వస్తే, 36,400కి 5,200 కలిపి 41,600, అందులో సగం 20,800. పదహారు నిండి రెండో ఎంఏసీపీ పడ్డాక వస్తే లెవెల్ 5లో 38,100, ఎంఎస్‌పీతో 43,300, పెన్షను 21,650. నెలకు 850 తేడా. చిన్నదిగా కనిపిస్తుంది. దానిమీద డీఏ పడుతుంది, రేపు వచ్చే ప్రతి పే కమిషనూ దానిమీదే లెక్క కడుతుంది, మనం పోయాక ఇంటావిడకు వచ్చే ఫ్యామిలీ పెన్షనూ ఆ చివరి జీతం నుంచే పుడుతుంది. "పదిహేను నిండిపోయింది కదా" అని పదిహేనేళ్ల తొమ్మిది నెలలకు వచ్చేసినవాళ్లను చూశాను. మూడు నెలల సెలవు పెట్టుకున్నా పదహారు దాటేసేది.

ఇప్పటికే హవల్దారు అయిపోయి ఉంటే ఈ లెక్క మీకు వర్తించదు, రెండు మెట్లూ ఎక్కేసినట్టే. ఇంకో సంగతి: ప్రమోషను వస్తే వద్దని రాసిచ్చినవాళ్లకు ఎంఏసీపీ కూడా దక్కదు. ఊరికి దగ్గర్లో పీస్ పోస్టింగ్ (సరిహద్దుకు దూరంగా ఉండే డ్యూటీ) పోతుందనో, ప్రమోషనుకి కావాల్సిన కేడర్ కోర్సు చేయలేమనో అన్‌విల్లింగ్ రాసిచ్చే ముందు ఈ సంగతి గుర్తుంచుకోండి.

హవల్దారు మీద నాయబ్ సుబేదారుకి ఆశ పెట్టుకోవచ్చా? ఇది మీ ట్రేడును బట్టి, కోర్‌లో ఖాళీలను బట్టి ఉంటుంది గానీ మీ కష్టాన్ని బట్టి ఒక్కటే కాదు. హవల్దారుకు జీతం మొదలయ్యేది 29,200 దగ్గర, నాయబ్ సుబేదారుకు 35,400 దగ్గర. అక్కడ పెన్షనూ మారుతుంది, ఊళ్లో మర్యాదా మారుతుంది, పెళ్లిళ్లలో కూర్చోబెట్టే కుర్చీ కూడా మారుతుందని నవ్వుతుంటారు. సీనియారిటీ రోల్‌లో మీ ముందు ఎంతమంది ఉన్నారో, మీకంటే రెండేళ్లు ముందు చేరిన బ్యాచ్ ఇప్పుడు ఎక్కడుందో చూడండి. వాళ్లలో సగం మంది జేసీఓలు (నాయబ్ సుబేదారు, ఆపైన) అయ్యుంటే ఆగండి. అందరూ హవల్దారు దగ్గరే నిలిచిపోయుంటే మీరు ఒక్కరే దాటుతారని ఏ జాతకమూ చెప్పదు.

ఏ రూలు కింద వస్తున్నారు

సర్వీసు ఒప్పందం సిపాయికి 17 ఏళ్లు, నాయక్‌కు 22, హవల్దారుకు 24. స్క్రీనింగ్ బోర్డు ఒప్పుకుంటే పైన మరో రెండేళ్లు ఎక్స్‌టెన్షన్. ఆ కాలం పూర్తి చేసి రావడం ఒకటి, మధ్యలో సొంత కోరిక మీద రావడం ఇంకొకటి. రెండింటికీ పెన్షను వస్తుంది, రెండింటికీ ఎక్స్‌సర్వీస్‌మ్యాన్ హోదా వస్తుంది, క్యాంటీన్ కార్డు వస్తుంది. కాబట్టి తేడా లేదనుకుంటారు.

తేడా ఒక ర్యాంకు ఒక పెన్షను (ఓఆర్ఓపీ) దగ్గర ఉంది. 2015 నవంబరు 7న వచ్చిన ఉత్తర్వులో, ఆ తేదీ తర్వాత ఆర్మీ రూల్ 13(3)లోని సొంత కోరిక క్లాజుల కింద డిశ్చార్జి అయ్యేవాళ్లకు ఓఆర్ఓపీ వర్తించదని రాశారు. ఓఆర్ఓపీ 2014 జులై 1 నుంచి అమలు, ఐదేళ్లకోసారి తిరగరాస్తారు. 2019లో ఒకసారి, 2024లో ఒకసారి చేశారు. కొత్తగా రిటైరయ్యేవాళ్ల పెన్షనుతో పాతవాళ్ల పెన్షనును సరిచేసే ఏర్పాటు అది. 17 పూర్తిచేసి వచ్చిన సిపాయి దాని లోపల ఉంటాడు. 16 ఏళ్లకు సొంత కోరిక మీద వచ్చిన నాయక్, ర్యాంకులో పెద్దవాడై ఉండి కూడా, ఆ ఉత్తర్వు ప్రకారం బయట పడతాడు. చాలామంది నాయక్‌లు ఈ విషయం డిశ్చార్జి బుక్ చేతికొచ్చాకే వింటున్నారు. దరఖాస్తు పెట్టే ముందే రికార్డ్ ఆఫీసుకు రాసి, మీ క్లాజు ఏదో, దానికి ఓఆర్ఓపీ సంగతి ఏమిటో కాగితం మీద జవాబు తెప్పించుకోండి. హెడ్ క్లర్కు సాబ్ నోటిమాట సరిపోదు. ఆ నోటిమాట చెప్పిన సీట్లో నేనూ కూర్చున్నాను.

సొంత కోరిక దరఖాస్తు ఒకసారి మంజూరయ్యాక వెనక్కి తీసుకోవడం మీ చేతిలో ఉండదు. ఇంట్లో గొడవపడి వచ్చిన రాత్రి రాసే కాగితం కాదది.

బయట ఉద్యోగం: అసలు లెక్క

పై ఉదాహరణలోని జవానునే మళ్లీ చూద్దాం. సర్వీసులో ఉంటే నెలకు 43,300, దానిమీద డీఏ, రేషను, మిలిటరీ ఆసుపత్రి. బయటికి వస్తే పెన్షను 21,650, దానిమీద డీఏ. కేంద్ర ప్రభుత్వంలో కింది స్థాయి క్లర్కు పోస్టు దొరికితే బేసిక్ 19,900. ఆఫీసరు ర్యాంకు కాని మాజీ సైనికులకు కొత్త ఉద్యోగంలో జీతం కట్టేటప్పుడు పెన్షనును పూర్తిగా పక్కన పెడతారు, రెండూ వస్తాయి. కలిపితే 41,550. బ్యాంకు క్లర్కైతే ఇప్పటి స్కేలు 24,050 దగ్గర మొదలవుతుంది, పైగా బ్యాంకులో పే ఫిక్సేషన్ చేసేటప్పుడు సైన్యంలో చివరి జీతాన్ని లెక్కలోకి తీసుకునే పద్ధతి ఉంది. ఆఖరి జీతం సర్టిఫికెట్ ప్రాణంలా దాచుకోవాల్సింది అందుకే. అంటే ఉద్యోగం దొరికినవాడికి నెల ఆదాయం ఇంచుమించు అంతే, కాకపోతే సియాచిన్ బదులు శ్రీకాకుళం, సర్వీసు ఒప్పందంతో ఆగిపోకుండా 60 ఏళ్ల వయసు దాకా. దొరకనివాడికి సగం. మధ్యరకం లేదు. కాబట్టి "వచ్చేయడం మంచిదా" అని అడిగేవాళ్లకు నేను తిరిగి అడిగేది, ఏ పరీక్షకు చదువుతున్నావు అని.

ఏ పరీక్షలు అన్నదానికి జవాబు తేలికే. కేంద్ర ప్రభుత్వంలో గ్రూప్ సి పోస్టుల్లో మాజీ సైనికులకు 10 శాతం, పాత గ్రూప్ డి స్థాయి పోస్టుల్లో 20 శాతం కోటా. ప్రభుత్వ బ్యాంకుల్లో, కేంద్ర ప్రభుత్వ సంస్థల్లో ఇవి 14.5, 24.5 శాతం. ఇందులో 4.5 శాతం వికలాంగులైన మాజీ సైనికులకూ, యుద్ధంలో చనిపోయినవాళ్ల కుటుంబాలకూ. మన రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో 2 శాతమే. జిల్లా సైనిక్ సంక్షేమ కార్యాలయం శ్రీకాకుళంలో ఉంది, విజయనగరంలో ఉంది, వచ్చిన వెంటనే పేరు నమోదు చేయించుకోవాలి. కానీ కోటా శాతం చూస్తేనే తెలుస్తుంది, బలం పెట్టాల్సింది కేంద్రం, బ్యాంకుల మీద. రాష్ట్రంలో పోలీసు కానిస్టేబుల్ కోటా కోసం నలభైకి దగ్గరపడుతున్న మోకాళ్లతో మళ్లీ గ్రౌండుకు పోవడం నాకైతే సబబుగా అనిపించదు. ఇష్టం ఉన్నవాళ్లు పోవచ్చు.

డిగ్రీ లేదని వెనకడుగు వేసేవాళ్లు ఎక్కువ. పదో తరగతి పాసై 15 ఏళ్ల సర్వీసు ఉన్న మాజీ సైనికుణ్ని, సాంకేతిక అర్హత అవసరం లేని గ్రూప్ సి పోస్టులకు డిగ్రీ ఉన్నవాడితో సమానంగా తీసుకునే నిబంధన కేంద్రంలో చాలాకాలం నుంచి ఉంది. బ్యాంకు క్లర్కు పరీక్షకు ఆర్మీ స్పెషల్ సర్టిఫికెట్ ఆఫ్ ఎడ్యుకేషన్ అడుగుతారు, అది కూడా 15 ఏళ్ల సర్వీసుతో కలిపి. ఆ సర్టిఫికెట్టు ఇప్పించడం యూనిట్ పని, బయటికి వచ్చాక దానికోసం తిరగడం మన పని. తిరిగినవాళ్ల చెప్పులు అరిగాయి.

వయసు దాటిపోతుందేమోనన్న తొందర కూడా అక్కర్లేదు. కేంద్రంలో సర్వీసు చేసిన ఏళ్లన్నీ వయసులోంచి తీసేసి పైన ఇంకో మూడేళ్లు సడలిస్తారు. బ్యాంకు క్లర్కు పరీక్షకు కూడా అదే లెక్క, గరిష్ఠంగా 50 ఏళ్ల దాకా. పంతొమ్మిదికి చేరి 24 ఏళ్లు చేసి వచ్చిన హవల్దారుకు 43. ఇంకా తలుపులు తెరిచే ఉన్నాయి. నలభై దాటాక లెక్కలు, రీజనింగ్ ఎక్కడం కష్టమవుతుంది, ఆ రెండో ఉద్యోగంలో మిగిలే ఏళ్లు తగ్గుతాయి, అది నిజం. అయినా వయసు మించిపోతుందని చెప్పి పదిహేనుకే లాక్కొచ్చే కోచింగ్ సెంటర్ల మాట పట్టుకోకండి.

సర్వీసు ముగియడానికి ఇంకా ఏడాదిలోపు ఉంది అన్నప్పటి నుంచి, యూనిట్ నుంచి ఎన్ఓసీ తీసుకుని ఈ కోటాలో దరఖాస్తు పెట్టొచ్చు. అంటే డిశ్చార్జి తేదీ ఖరారయ్యాక వచ్చే ఆ పన్నెండు నెలలే మీ పరీక్షల సీజను. నోటిఫికేషన్ తర్వాత ప్రిలిమ్స్, మెయిన్స్, ఫలితం, సర్టిఫికెట్ల పరిశీలన అన్నీ అయ్యేసరికి చాలా నెలలు పడుతుంది. అందుకని చదువు మొదలుపెట్టాల్సింది అంతకు రెండేళ్ల ముందు, పీస్ స్టేషన్‌లో ఉన్నప్పుడు. కోటా కటాఫ్ మామూలు కటాఫ్ కంటే బాగా కింద ఉంటుంది. ఫీల్డులో తుపాకీ పట్టిన చేతికి రోజుకు రెండు గంటల పుస్తకం బరువేమీ కాదు.

ఒక్క చోట మాత్రం చాలామంది బోల్తా పడుతున్నారు. కోటాతో మొదటి సివిల్ ఉద్యోగంలో చేరిన క్షణంతో మీ మాజీ సైనికుడి కోటా అయిపోతుంది. తొందరపడి ఎక్కడో చిన్న పోస్టులో చేరిపోతే తర్వాత వచ్చిన మంచి నోటిఫికేషనుకు ఆ కోటా పనిచేయదు. దీనికి 2014 ఆగస్టులో కేంద్ర సిబ్బంది శాఖ ఒక దారి చూపింది: చేరకముందే ఏయే పోస్టులకు దరఖాస్తు పెట్టి ఉన్నారో, తేదీలతో సహా, చేరిన వెంటనే ఆ ఆఫీసుకు రాసిచ్చి స్వీకరించినట్టు సంతకం తీసుకోవాలి. అప్పుడు ఆ దరఖాస్తుల్లో ఏది తర్వాత పండినా కోటా నిలుస్తుంది. రెండు పేజీల కాగితం. కొత్త ఆఫీసులో మొదటిరోజే "నేను వేరేచోటికి కూడా పెట్టాను" అని చెప్పడానికి మొహమాటం వేస్తుంది. మొహమాటపడొద్దు.

మళ్లీ యూనిఫాం: డీఎస్సీ

ఇక్కడ టీచర్ల డీఎస్సీ గురించి కాదు, డిఫెన్స్ సెక్యూరిటీ కోర్ గురించి. కేంద్రం కన్నూరులో. పెన్షను మీద వచ్చినవాళ్లు మళ్లీ చేరే దారి ఇది. పాత పెన్షను అలాగే తీసుకుంటూ కొత్త జీతం తీసుకోవచ్చు. సాధారణంగా 57 ఏళ్ల వయసు దాకా ఉండొచ్చు. డీఎస్సీలో 15 ఏళ్లు చేస్తే రెండో పెన్షను. 57లోంచి 15 తీస్తే 42. అంటే 42 లోపు చేరితేనే ఆ రెండో పెన్షను లెక్కకు అందుతుంది. 24 ఏళ్లు పూర్తిచేసి 43కి వచ్చే హవల్దారుకు డీఎస్సీ జీతమే గానీ రెండో పెన్షను కుదరదు. 17 ఏళ్లకు వచ్చే సిపాయికి చక్కగా కుదురుతుంది. వయసు నిజంగా తొందరపెట్టేది ఈ ఒక్క దారిలోనే.

పరీక్షలు రాయలేనివాళ్లకు, యూనిఫాం తప్ప వేరే బతుకు ఊహించుకోలేనివాళ్లకు ఇది మంచిదే. మెడికల్ కేటగిరీ పూర్తిగా బాగుండాలి, రిమార్కులు బాగుండాలి, డిశ్చార్జి తర్వాత ఎక్కువకాలం ఇంట్లో కూర్చుంటే అర్హత పోతుంది. మీ డిశ్చార్జి కారణమూ అడుగుతారు, అది కూడా ముందే కనుక్కోండి. నాయక్‌గా, హవల్దారుగా దిగినవాళ్లలో చాలామంది అక్కడ మళ్లీ సిపాయిగా మొదలుపెడతారు, నిన్న మన కింద పనిచేసిన వయసు కుర్రాడి ముందు సావధాన్ నిలబడాల్సి రావచ్చు. అది కొందరికి పట్టదు, కొందరికి మింగుడుపడదు.

విశాఖలో నేవీ ఉంది కదా, అక్కడే పోస్టింగ్ పడుతుందన్న ఆశతో చేరేవాళ్లున్నారు. పడొచ్చు. దేశంలో ఏ మూల డిపోలోనైనా, ఏ ఎయిర్‌ఫోర్స్ స్టేషన్‌లోనైనా పడొచ్చు. గేటు కాపలా, హాయిగా ఉంటుందనే మాటను కూడా నమ్మొద్దు. 2016 జనవరిలో పఠాన్‌కోట్ ఎయిర్‌ఫోర్స్ స్టేషన్ మీద దాడిలో ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లలో డీఎస్సీ జవాన్లు ఉన్నారు. ఇంటికి రావాలన్నదే మీ అసలు కోరికైతే డీఎస్సీ ఆ కోరిక తీర్చదు.

ప్రైవేటు, పొలం

పైడిభీమవరం ఫార్మా కంపెనీల్లో, విశాఖ ఫ్యాక్టరీల్లో సెక్యూరిటీ ఉద్యోగాలు ఎప్పుడూ ఉంటాయి. భోగాపురం విమానాశ్రయం పేరు చెప్పి ఇప్పుడు ఆశలు పెరిగాయి. గార్డు స్థాయిలో పరిస్థితి దాదాపు అంతటా ఒకటే: కాగితం మీద ఎనిమిది గంటలు, గేటు దగ్గర పన్నెండు. జీతం ఏజెన్సీ చేతుల మీదుగా వస్తుంది. సూపర్‌వైజరు, సెక్యూరిటీ ఆఫీసరు స్థాయికి వెళ్లాలంటే ఫైర్ సేఫ్టీ గానీ ఇండస్ట్రియల్ సెక్యూరిటీ గానీ కోర్సు ఉండాలి, ఆఖరి ఏళ్లలో, బయటి ఉద్యోగాలకు సిద్ధం చేసే రీసెటిల్‌మెంట్ డైరెక్టరేట్ తరఫున చేసే అవకాశం వచ్చినప్పుడు "ఇంటి దగ్గర పడుతుంది కదా" అని ఏదో ఒక కోర్సు ఎంచుకోకుండా ఇవి అడగండి. పెన్షను పక్కన ఉంటే ప్రైవేటు ఉద్యోగం చెడ్డదేమీ కాదు. దాన్ని నమ్ముకుని మాత్రం ముందుగా డిశ్చార్జి తీసుకోకూడదు.

పొలం గురించి ఎక్కువ రాయను. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి ఏమయ్యాయో కళ్లారా చూసినవాళ్లం. కొబ్బరి మళ్లీ కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. పెన్షను ఉన్నవాడు వ్యవసాయం చేయొచ్చు, వ్యవసాయం చూసుకుని పెన్షను పెరిగే అవకాశం వదులుకోవడం తప్పు లెక్క.

పిల్లలు, తల్లిదండ్రులు

మీరు వచ్చే తేదీ, కుటుంబం ఊరికి వచ్చే తేదీ ఒకటే కానక్కర్లేదు. ఇది చాలామంది కలిపేసుకుంటారు. ఆంధ్రప్రదేశ్‌లో ఇంజనీరింగ్, మెడిసిన్ సీట్లలో లోకల్ హోదా రావాలంటే, అర్హత పరీక్షతో ముగిసే వరుస నాలుగేళ్లు ఇక్కడే చదివి ఉండాలి. అంటే తొమ్మిది నుంచి ఇంటరు రెండో ఏడు దాకా. ఆఖరి ఏడాది దాకా పిల్లల్ని జలంధర్‌లోనో జోధ్‌పూర్‌లోనో కేంద్రీయ విద్యాలయంలో ఉంచి, ఇంటరుకు తెస్తే ఆ హోదా చిక్కుల్లో పడుతుంది. పెద్దపిల్ల ఎనిమిదో తరగతిలో ఉంటే, మీరు సర్వీసులో ఉండండి, కుటుంబాన్ని ముందు పంపండి. శ్రీకాకుళంలో, విజయనగరంలో కేంద్రీయ విద్యాలయాలున్నాయి. ఆరులోకో తొమ్మిదిలోకో అయితే కోరుకొండ సైనిక్ స్కూలు ప్రవేశ పరీక్ష రాయించండి, అక్కడ రక్షణ సిబ్బంది పిల్లలకు విడిగా కోటా ఉంది, మాజీ సైనికుల పిల్లలకూ వర్తిస్తుంది. విడిగా ఉంటే ఖర్చు రెండిళ్లది అవుతుంది, అది నిజమే. కానీ పిల్ల కోసమని మీ ప్రమోషను వదిలేసి రావడం కంటే తక్కువ.

ఉద్దానం వాళ్లు వైద్యం సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. ఇంట్లో ఒకరికైనా కిడ్నీ సమస్య లేని వీధి అరుదు. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి తెరిచారు, అది పెద్ద ఊరట. సర్వీసులో ఉండగా మీ మీద ఆధారపడిన అమ్మానాన్నలకు మిలిటరీ ఆసుపత్రి ఉంది, విశాఖలో ఐఎన్‌హెచ్‌ఎస్ కల్యాణి దాకా తీసుకెళ్లొచ్చు. బయటికి వచ్చాక ఈసీహెచ్ఎస్. ఒక్కసారి కట్టే చందా, హవల్దారు దాకా 30,000 రూపాయలు, జేసీఓలకు 67,000. తల్లిదండ్రుల ఆదాయం నెలకు 9,000, దానిమీద డీఏ కలిపిన మొత్తం దాటకపోతే వాళ్లనూ చేర్చొచ్చు. పెన్షను కాగితాలతో పాటే ఈ కార్డు దరఖాస్తూ నడిపించండి, మధ్యలో ఖాళీ రాకూడదు.

చేతికొచ్చే మొత్తం

పెన్షనులో సగం దాకా ముందే అమ్ముకోవచ్చు. కమ్యుటేషన్ అంటారు. 21,650లో సగం, నెలకు 10,825 వదులుకుంటే నలభై లోపు వయసువాడికి 11 లక్షలు దాటి చేతికి వస్తుంది. 15 ఏళ్ల తర్వాత ఆ సగం తిరిగి మొదలవుతుంది. డీఏ మాత్రం మొత్తం పెన్షను మీద వస్తూనే ఉంటుంది. పదిహేనేళ్లలో వదులుకునేది 19 లక్షల పైమాటే. బయట వడ్డీకి అప్పు తీసుకోవడం కంటే ఇది చౌకే, అందుకని పూర్తిగా వద్దనను. కానీ ఆ డబ్బు, గ్రాట్యుటీ, సెలవుల డబ్బు, ఫండు అన్నీ కలిపి ఊళ్లో రెండంతస్తుల స్లాబు ఇల్లు కట్టేసి, కింద తాళం పైన తాళం వేసి, ఉద్యోగం కోసం విశాఖలో అద్దెకుంటున్నవాళ్లు మనలో ఎంతమంది లేరు? రెండో ఉద్యోగం ఎక్కడో తేలేదాకా ఇటుక కొనకండి.

ఎనిమిదో పే కమిషను కోసం ఆగాలా అని ఈ మధ్య అందరూ అడుగుతున్నారు. 2025 జనవరిలో కేంద్రం దానికి ఆమోదం తెలిపింది. ఇంతకుముందు ఏడో కమిషను వచ్చినప్పుడు అప్పటికే రిటైరైనవాళ్ల పెన్షన్లు కూడా సవరించారు. కాబట్టి దానికోసం ఒక్కదానికే ఆగాల్సిన పని లేదు. ఎంఏసీపీ కోసం ఆగండి, ప్రమోషను కోసం ఆగండి.

నన్ను అడిగితే: సిపాయిగానే ఉన్నవాళ్లు 17 పూర్తిచేసి, ఆఖరి ఏడాది పరీక్షలు రాసి రావాలి, పరీక్ష తేలకపోతే డీఎస్సీ. నాయక్‌లకే అసలు ఇబ్బంది, ఐదారేళ్లు ముందు వస్తే ఓఆర్ఓపీ పోయే ప్రమాదం, ఉంటే ఇంటికి దూరం. వాళ్లు చదువు సాగుతుందా లేదా అని ఒక మాక్ టెస్టు నిజాయితీగా రాసి చూసుకుని తేల్చుకోవాలి. సాగేవాడు పదహారు దాటాక రావచ్చు. సాగనివాడు 22 చేసి రావడమే మేలు. హవల్దారు మధ్యలో రావడానికి నాకు గట్టి కారణం కనపడదు, ఇంట్లో జబ్బు మనిషి ఉంటే తప్ప.

ఏ దారి పట్టినా, ఆఖరి ఆరు నెలల్లో రెండు పనులు మీరే దగ్గరుండి చేయించుకోవాలి. రిలీజ్ మెడికల్ బోర్డులో "అంతా బాగుంది సార్" అని తొందరగా బయటపడకండి. వినికిడి, నడుము, బీపీ, షుగరు, ఏదున్నా చెప్పి రాయించుకోండి. ఆ రోజు రాయనిది తర్వాత సర్వీసులో వచ్చిందని నిరూపించడం చాలా కష్టం.

రెండోది పేర్లు. మన దగ్గర ఇంటిపేరు ముందుంటుంది, సైన్యం రికార్డులో వెనక్కి పోతుంది, లేదా ఒక్క అక్షరం మిగులుతుంది. ఇంటావిడ పేరు ఆధార్‌లో అప్పలనరసమ్మ, పార్ట్ టూ ఆర్డర్లో (కుటుంబ వివరాలు సర్వీసు రికార్డుకు ఎక్కించే యూనిట్ ఉత్తర్వు) నరసమ్మ, బ్యాంకు పుస్తకంలో ఎ. నర్సమ్మ. పుట్టినతేదీ మూడుచోట్లా మూడు. మీరు బతికి ఉన్నంతకాలం ఇది ఎవరికీ అడ్డం రాదు. ఫ్యామిలీ పెన్షను దగ్గర ఆమె సైనిక పెన్షన్ల స్పర్శ్ పోర్టల్‌లో, ఎమ్మార్వో ఆఫీసులో, నోటరీ దగ్గర తిరగాల్సి వస్తుంది. సర్వీసులో ఉండగా యూనిట్ క్లర్కుతో ఒక పార్ట్ టూ ఆర్డరు వేయించి సరిచేయించడం ఒక పూట పని. భార్యది, పిల్లలది, మీదీ ఆధార్, పాన్, బ్యాంకు పుస్తకం, షీట్ రోల్ (సర్వీసు రికార్డు) నాలుగూ పక్కపక్కన పెట్టుకుని అక్షరం అక్షరం పోల్చి చూసి, తేడా ఉన్నచోట పెన్సిల్‌తో గీత పెట్టి ఆఫీసుకు తీసుకెళ్లండి.